వెళ్లేవాళ్లకు డాలీ, మిగిలిపోయేవాళ్లకు విట్నీ

తొమ్మిదేళ్లు పనిచేసిన ఆఫీసు వదిలేస్తున్న రోజు ఫేర్‌వెల్‌లో నన్ను ఒక పాట పాడమన్నారు. కాన్ఫరెన్స్ రూములో కేకు, సమోసాలు, ఎవరో ఇంటి నుంచి మోసుకొచ్చిన కరోకే స్పీకరు. "ఐ విల్ ఆల్వేస్ లవ్ యు" అన్నాను. అందరూ "ఓహో" అన్నారు. నా కొంప ముంచింది ఆ ఓహోనే. వాళ్ల మనసులో ఉన్నది అమెరికా గాయని విట్నీ హ్యూస్టన్ పాడిన పాట. పెట్టిన ట్రాకూ అదే.

ఆ పాటలో మొదటి ముప్పావు నిమిషం దాకా వాద్యాలు ఉండవు. ఉత్త గొంతే. నాకు తోచిన శృతిలో ఎత్తుకున్నాను, బాగానే నడుస్తోందనుకున్నాను. సంగీతం వచ్చి కలిశాక తెలిసింది, నేనొక ఊళ్లో ఉన్నాను, పాట ఇంకో ఊళ్లో ఉంది. ఎలాగో సర్దుకుని లాక్కొచ్చాను. మూడు నిమిషాలు దాటాక ఒక్క డ్రమ్ము దెబ్బ పడి పాట పై శృతికి ఎక్కుతుంది. పాట ఎక్కింది, నేను కిందే ఉండిపోయాను. మైకు దించి నవ్వేశాను, వాళ్లూ చప్పట్లు కొట్టేశారు. మా మేనేజరు గారొక్కరే ఏమనాలో తెలియక పేపర్ ప్లేటు వంక చూస్తూ కూర్చున్నారు. నిజానికి ఆ పాట ఆయన కోసమే పాడాలనుకున్నాను.

ఇంటికెళ్తూ క్యాబ్‌లో, దాన్ని రాసి మొదట పాడిన డాలీ పార్టన్ అసలు పాట పెట్టుకున్నాను. 1974 నాటిది. మూడు నిమిషాలు కూడా ఉండదు. ఆ గదిలో నేను చెప్పాలనుకున్నదంతా అందులో ఉంది, అదీ నా గొంతుకు అందే ఎత్తులో.

"రెండింట్లో ఏది గొప్ప?" అని అడిగేవాళ్లకు నా దగ్గర జవాబు లేదు. "ఏ సందర్భానికి, ఎవరికి?" అని అడిగితే మాత్రం చాలా ఉంది.

ముందు ఈ పాట ఎవరు ఎవరికి చెప్పిన మాట

డాలీ పార్టన్‌ది టెనెసీ రాష్ట్రంలో కొండ ప్రాంతం. 1946లో పుట్టింది. 12 మంది పిల్లలున్న పేద ఇంట్లో నాలుగో సంతానం. 1964లో హైస్కూలు చదువు అయిన మర్నాడే, అమెరికా పల్లెల్లో పుట్టిన కంట్రీ సంగీతానికి రాజధాని అయిన నాష్‌విల్‌కి బస్సెక్కేసింది. 1967లో పోర్టర్ వ్యాగనర్ తన టీవీ షోలోకి తీసుకున్నాడు. అప్పటికే ఆయన పేరున్న గాయకుడు, మెరిసే సూట్లు వేసుకునే పెద్దమనిషి. ఐదేళ్లు ఉంటానని చేరిన అమ్మాయి ఆ గడువు దాటినా అక్కడే ఉండిపోయింది. ఇద్దరూ కలిసి పాడిన యుగళగీతాలకు మంచి పేరొచ్చింది. కానీ ఆమెకు తన పాట, తన బ్యాండు, తన దారి కావాలనిపించింది.

వెళ్తానంటే ఆయన వినడు. రోజూ గొడవే. నోటితో చెబితే వినని మనిషికి పాటతో చెబుదామని డాలీ ఇంటికెళ్లి ఇది రాసింది. మర్నాడు ఆయన ఆఫీసులో ఆయన్ని కూర్చోబెట్టి వినిపించింది. ఆయన ఏడ్చేశాడట. ఇంతకంటే మంచి పాట నువ్వు రాయలేదు, వెళ్లు, కానీ ఈ రికార్డు నేనే చేయించాలి అన్నాడట. డాలీ ఈ కథ ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పింది, చెప్పిన ప్రతిసారీ ఆయన ఏడుపు దగ్గర కాస్త ఆగుతుంది.

అంటే లోకమంతా ప్రేమ వైఫల్యం పాటగా పాడుకునే ఈ పాటలో ప్రియుడే లేడు. అన్నం పెట్టి, వేదిక ఎక్కించిన మనిషి దగ్గర సెలవు తీసుకోవడం ఉంది. ఇక్కడొక సంగతి గట్టిగా పట్టుకోండి, రేపు ఎంపికకు ఇదే ఆధారం: పాటలో మాట్లాడేది వెళ్లిపోతున్న మనిషి. నేనుంటే నీ దారికి అడ్డమే, అందుకని వెళ్తున్నాను, ఏడవకు, నీకు కావలసిన మనిషిని నేను కాను, ఇద్దరికీ ఆ సంగతి తెలుసు, అయినా ప్రేమ మాత్రం పోదు. చివరి చరణంలో దీవెన. నీకు అంతా మంచి జరగాలి, అన్నిటికంటే ముందు ప్రేమ దొరకాలి అని. పల్లవి అంటారా, ఒకే ఒక్క వాక్యం. దాన్నే మళ్లీ మళ్లీ అంటుంది.

పాట ఇంత మర్యాదగా ఉంది కదా అని వాళ్లు మర్యాదగా విడిపోయారనుకోకండి. కొన్నేళ్లకే పోర్టర్ ఆమె మీద దావా వేశాడు, చివరకు కోర్టు బయట తేల్చుకున్నారు. తర్వాత ఎప్పటికో మళ్లీ కలిశారు. 2007 మేలో, నాష్‌విల్‌లో పేరున్న కంట్రీ వేదిక గ్రాండ్ ఓల్ ఆప్రీలో ఆయన చేరి 50 ఏళ్లయిన వేడుక చేస్తే, డాలీ వచ్చి ఆయన ఎదుటే ఈ పాట పాడింది. ఆ అక్టోబరులోనే ఆయన పోయాడు. కాబట్టి రాజీనామా మెయిలుకు ఈ పాట లింకు తగిలిస్తే రిలీవింగ్ లెటర్ తొందరగా వస్తుందని ఆశ పెట్టుకోకండి.

డాలీ పాట: చప్పగా ఉందనిపిస్తే ఇంకోసారి వినండి

1973 జూన్‌లో నాష్‌విల్‌లోని ఆర్‌సీఏ స్టూడియో బీలో రికార్డు చేశారు. మెల్లగా మీటే గిటార్లు, వెనక కోరస్ గొంతులు, ముందు డాలీ సన్నటి గొంతు. వాక్యం చివర్లో చిన్న వణుకు ఉంటుంది, చలికి వణికినట్టు. అంతకుమించి ఏమీ లేదు. మొదటిసారి విన్నప్పుడు నాకూ ఇంతేనా అనిపించింది. విట్నీది విని విని ఉన్న చెవికి ఇది మొదలయ్యేలోపే అయిపోయినట్టుంటుంది. వెనక కోరస్ కూడా కొంచెం పాత రేడియో వాసన కొడుతుంది. ఈ రెండు లోపాలూ ఒప్పుకుంటాను.

అసలు సరుకంతా మూడో చరణంలో ఉంది. అక్కడికొచ్చేసరికి డాలీ పాడటం మానేస్తుంది. మామూలుగా మాట్లాడుతుంది. గిటారు కింద నడుస్తూనే ఉంటుంది, ఆమె మాత్రం ఆ దీవెనంతా ఎదురుగా కూర్చున్న మనిషితో అన్నట్టే అనేస్తుంది. పాత కంట్రీ పాటల్లో ఈ అలవాటు ఉంది. మన నాటకాల్లో పద్యం ఆపి వచనంలోకి దిగగానే జనం కాస్త సర్దుకుని కూర్చుంటారే, అదే పని ఇక్కడ జరుగుతుంది. రాగం ఉన్నంతసేపు అది పాట. రాగం తీసేశాక అది ఒక మనిషి ఇంకో మనిషికి చెబుతున్న మాట. ఇయర్‌ఫోన్స్‌లో విన్నప్పుడు ఆమె ఊపిరి కూడా దగ్గరగా ఉంటుంది. ఆ చరణం అవగానే మళ్లీ పల్లవి పాడి, గొంతు పెంచకుండానే వదిలేస్తుంది.

గమనించారా, ఎక్కడా ఏడవదు. వెళ్లే మనిషి ఏడిస్తే మిగిలేవాళ్లు వెళ్లనివ్వరు. డాలీకి ఆ సంగతి తెలుసు. తలుపు దగ్గర నిలబడి, చేతిలో సంచీ పట్టుకుని, గొంతు వణక్కుండా చూసుకుంటూ మాట్లాడే మనిషి ఈ పాటలో కనిపిస్తుంది. అయినా ఆ వాక్యాల చివర కొంచెం వణుకుతుంది, అదే అందం.

1974 జూన్‌లో ఇది అమెరికా కంట్రీ జాబితాలో ఒకటో స్థానానికి వెళ్లింది. అప్పుడే రాక్ సంగీతంలో పెద్ద గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ ఈ పాట పాడాలనుకున్నాడు. డాలీ సంబరపడిపోయింది. ఇంకా రికార్డింగ్ కాకముందే ఎల్విస్ మేనేజరు కర్నల్ టామ్ పార్కర్ ఫోన్ చేసి, పాట హక్కుల్లో సగం రాసివ్వాలి అన్నాడు. ఎల్విస్ పాడితే అది మామూలు షరతే. డాలీ ఇవ్వనంది. ఆ రాత్రంతా ఏడ్చిందట. 27 ఏళ్ల వయసులో రాసిన పాట మీద హక్కు వదులుకోకపోవడం ఎంత తెలివైన పనో తెలియడానికి మరో 18 ఏళ్లు పట్టింది.

విట్నీ పాట: నిశ్శబ్దం, డ్రమ్ము దెబ్బ

1992లో వచ్చిన ద బాడీగార్డ్ సినిమా కోసం మొదట వేరే పాట అనుకున్నారు. అది అప్పటికే ఇంకో సినిమాలో వచ్చేసిందని తెలిసి వదిలేశారు. హీరో కెవిన్ కాస్ట్‌నర్ ఈ కంట్రీ పాట పట్టుకొచ్చాడు. సంగీతం చేసిన డేవిడ్ ఫాస్టర్ చేతికి దొరికింది లిండా రాన్‌స్టాట్ అనే గాయని 1975లో పాడిన వెర్షన్. అందులో చివరి చరణం లేదు. ఫాస్టర్ విషయం చెప్పడానికి ఫోన్ చేస్తే, ఆఖరి చరణం లేకుండా ఎలా పాడిస్తావని డాలీ ఫోన్లోనే అది చెప్పిందట. ఆ ఫోన్ కాల్ లేకపోతే ఈ పాటలో దీవెనే ఉండేది కాదు. అంటే వదిలేసి వెళ్తున్నానని చెప్పి ఊరుకునేది.

మొదట్లో వాద్యాలు వద్దు, ఉత్త గొంతే ఉండాలన్నది కూడా కాస్ట్‌నర్ ఆలోచనే. రేడియోవాళ్లు వేయరేమోనని రికార్డు కంపెనీవాళ్లు భయపడ్డారు. ఆ భయానికి అర్థముంది. ముప్పావు నిమిషం సంగీతం లేని పాటను కారులో వింటూ ఎవరు ఆగుతారు? అందరూ ఆగారు. 1992 నవంబరులో విడుదలై అమెరికా ప్రధాన జాబితాలో వరసగా 14 వారాలు ఒకటో స్థానంలో కూర్చుంది. అప్పటికి అది రికార్డు. బ్రిటన్‌లో పది వారాలు. 1994లో రెండు గ్రామీలు. డాలీ ఒకరోజు కారు నడుపుతూ రేడియోలో అనుకోకుండా విని, గుండె ఆగినంత పనై కారు పక్కకు ఆపాల్సి వచ్చిందని చెప్పింది. సొంత పాటే, ఎవరిదో అనుకుంది మొదట.

విట్నీ న్యూజెర్సీలోని నూవర్క్‌లో చర్చి పాటల మధ్య పెరిగింది. తల్లి సిస్సీ హ్యూస్టన్ పేరున్న గాస్పెల్ గాయని. ఆ చర్చి శిక్షణ మనకు "ఐ" అనే ఒక్క అక్షరంలో వినబడుతుంది. డాలీ ఆ అక్షరాన్ని కాస్త జారుగా పలికి ముందుకెళ్లిపోతుంది. విట్నీ దాన్ని అలా విప్పుకుంటూ, మెట్టు మెట్టుగా దించుతూ, మళ్లీ ఎక్కిస్తూ పోతుంది. మన కచేరీల్లో ఒకే సాహిత్యానికి ఒక్కో సంగతి వేసుకుంటూ పెంచినట్టే. మొదటి పల్లవికి ఒక సంగతి, రెండోదానికి ఇంకొకటి, చివరికి మిగిలిందంతా.

మధ్యలో కర్క్ వేలమ్ శాక్సోఫోన్ వస్తుంది. ఆయనా టెనెసీ మనిషే, మెంఫిస్ ఊరు. శాక్సోఫోన్ అయ్యాక దీవెన చరణం మెత్తగా పాడుతుంది. తర్వాత ఒక క్షణం ఏమీ ఉండదు. హాలులో కరెంటు పోయినట్టు. ఆ చీకట్లో ఒక డ్రమ్ము దెబ్బ. అదే ఊపులో పాట ఏ మేజర్ నుంచి బీ మేజర్‌కు, మన హార్మోనియం లెక్కలో ఆరు శృతి నుంచి ఏడు శృతికి, ఎక్కేస్తుంది. విట్నీ నిండు గొంతుతో ఎత్తుకుంటుంది. నేను కాన్ఫరెన్స్ రూములో కూలబడింది సరిగ్గా ఇక్కడే.

మాటలు మారలేదు. వెళ్లే మనిషి మాటలే. కానీ ఆ గొంతు వెళ్లే మనిషిది కాదనిపిస్తుంది నాకు. రైలు కదిలాక ప్లాట్‌ఫారం మీద మిగిలిపోయినవాళ్లు, ఇక దాచుకోవాల్సిన అవసరం లేక గట్టిగా ఏడ్చే ఏడుపు అది. నా మాట నమ్మకపోతే మా అమ్మ మాట వినండి. అమ్మకు ఇంగ్లీషు రాదు. ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తుంటే, పేర్లు చెప్పకుండా రెండూ వినిపించాను. డాలీది విని "ఎవరికో సర్దిచెబుతోంది, పాపం" అంది. విట్నీది విని చెయ్యి ఆపి, "ఎవరో వదిలేసిపోయారా ఏంటే ఈమెని?" అంది.

ఇంకో తమాషా. ఆ సినిమాలోనే హీరో కాస్ట్‌నర్, హీరోయిన్ విట్నీ ఒక బారులో డ్యాన్స్ చేస్తుంటే వెనక ఇదే పాట కంట్రీ పద్ధతిలో వస్తుంది, జాన్ డో అనే గాయకుడి గొంతులో. హీరోయిన్ దాన్ని వింటూ ఇదేం ఏడుపు పాట అన్నట్టు నవ్వుతుంది. సినిమా చివర్లో అదే పాట ఆమే పాడుతుంది. పాట మీద నవ్వినవాళ్లకు పాట బదులు తీర్చుకుంటుందన్నమాట.

ఇక ఎవరికి ఏది

బ్రేకప్ అయినవాళ్లు ముందు. ఎవరు ఎవర్ని వదిలారో చూసుకోండి. మిమ్మల్ని వదిలేసి వెళ్లుంటే, మొదటి రోజుల్లో డాలీ జోలికి పోకండి. ఆ ప్రశాంతత మీకు ఎదుటి మనిషి గొంతులా వినబడుతుంది, ఒళ్లు మండుతుంది. "నీ మంచికే వెళ్తున్నా" అని మీతో ఈమధ్యే ఎవరో అనుంటే మరీను. అప్పుడు విట్నీ కావాలి. తలుపు వేసుకుని, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఆ డ్రమ్ము దెబ్బ దగ్గర మీరూ ఏడవండి. నాలుగున్నర నిమిషాల్లో పని అయిపోతుంది. ఇంకొన్ని నెలలు పోయాక, వాళ్ల పేరు వింటే గుండె జారడం తగ్గాక, డాలీది వినండి. అప్పుడా మూడో చరణం కోపం తెప్పించకుండా చెవిలో పడితే, మీరు గట్టెక్కినట్టే.

వదిలి వచ్చింది మీరే అయితే, తప్పు చేశానా అని రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే, మీ పాట డాలీది. విట్నీది వింటే మీ బాధ మీకే మరీ గొప్పగా కనబడుతుంది. వదిలి వచ్చినవాళ్లకు అంత సంగీతం అక్కర్లేదు, కొంచెం గిటారు చాలు.

ఉద్యోగం మారేవాళ్లు, చదువుకు ఊరు విడిచేవాళ్లు, గురువు దగ్గర సెలవు తీసుకునేవాళ్లు: కళ్లు మూసుకుని డాలీ. పాట పుట్టిందే ఆ పని మీద. ఎయిర్‌పోర్టులో పిల్లల్ని అమెరికా పంపి వెనక్కి వచ్చే అమ్మానాన్నలకు మాత్రం కారులో విట్నీ పెట్టకండి. నేను చూశాను, శంషాబాద్ నుంచి గచ్చిబౌలి దాకా ఒక్కరూ మాట్లాడలేదు.

పెళ్లిళ్లకు రెండూ వద్దు. సంగీత్‌లో, రిసెప్షన్‌లో, కేకు కోసేటప్పుడు ఇది పెట్టడం మన దగ్గరా మొదలైంది. పల్లవి ఒక్కటే విని పెట్టేస్తారు. "నువ్వూ నేనూ కలిసి ఉండలేం, వెళ్తున్నాను" అనే పాటకు దండలు మార్చుకోవడం ఎలా ఉంటుందో ఆలోచించండి. పల్లవి విని మోసపోయింది మన డీజేలొక్కరే కాదులెండి. 2002లో ఇరాక్‌లో సద్దాం హుసేన్ కోసం జరిపిన రెఫరెండం ప్రచారంలోనూ ఈ పాట వాడారు. నేను వెళ్లిపోతున్నాను అని మొదలయ్యే పాట, దిగనని కూర్చున్న మనిషికి.

కారులో, హోమ్ థియేటర్‌లో వినేవాళ్లకు చిన్న హెచ్చరిక. విట్నీ మొదటి ముక్క మెల్లగా ఉందని వాల్యూం పెంచుతాం. మూడు నిమిషాల తర్వాత అదే వాల్యూంలో ఆ డ్రమ్ము పడుతుంది. మా ఇంట్లో పడుకున్న పసిపిల్ల లేచింది. డాలీది మొదటి నుంచి చివరిదాకా ఇంచుమించు ఒకే మట్టం, రాత్రిపూట ఫోన్ స్పీకర్‌లో కూడా వినొచ్చు. విట్నీది ఫోన్ స్పీకర్‌లో వింటే మాత్రం దండగ. ఆ కింది గొంతులో ఊపిరి వినబడదు, పై గొంతు గీ పెడుతుంది.

పాడాలనుకునేవాళ్లకు కొంచెం ఎక్కువ చెప్పాలి

నేను పడ్డ గోతిలో మీరు పడకూడదు కదా. విట్నీ ట్రాకు మీద పాడాలంటే రెండు ప్రమాదాలు. మొదటిది మొదట్లోనే ఉంది: శృతి ఇచ్చే వాద్యం లేదు. దానికి మందు మన దగ్గరే ఉంది. ఫోన్లో తంబూరా యాప్ పెట్టుకుని, ట్రాకు అసలు శృతిలోనే ఉంటే ఆరుకు, మూడు మెట్లు దించి ఉంటే నాలుగున్నరకు పెట్టి, మైకు పట్టుకునే ముందు చెవి దగ్గర ఒకసారి వినండి. ఆ ఒక్క పని చేసుంటే నా ఫేర్‌వెల్ ఇంకోలా ఉండేది. రెండో ప్రమాదం ఆ డ్రమ్ము. రిహార్సల్ చేసేటప్పుడు అందరూ మొదటి నుంచి మొదలుపెడతారు, అక్కడికి వచ్చేసరికి గొంతు అలిసిపోతుంది. ముందు చివరి పల్లవి పాడి చూడండి. అది అందితేనే పాట ఒప్పుకోండి. అందకపోతే కరోకే యాప్‌లో కీ తగ్గించే మీట ఉంటుంది, అది అందేదాకా తగ్గించండి. తగ్గించినందుకు ఎవరూ ఏమీ అనరు, గొంతు చీలితే వీడియో తీస్తారు.

టీవీ పాటల పోటీలు చూసి చూసి, ఈ పాట అంటే పై శృతి ఒక్కటే అనుకునే పిల్లలు ఎక్కువయ్యారు. విట్నీ ఆ ఎత్తు కోసం మూడు నిమిషాలు ఆగింది. మనవాళ్లు మొదటి లైను నుంచే సంగతులు మొదలుపెడతారు. చివరికి వచ్చేసరికి పెంచడానికి ఏమీ మిగలదు. సంగీతం నేర్పే మేడమ్‌లు, సార్లు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి పిల్లలకు ముందు డాలీది నేర్పించండి. స్వరం ఎక్కడెక్కడ నిలుస్తుందో అందులో స్పష్టంగా ఉంటుంది. ఆ నేల గట్టిపడ్డాక మేడ కట్టుకోవచ్చు.

గిటారు కొత్తగా పట్టినవాళ్లకు డాలీదే దారి. రెండో మెట్టు మీద క్యాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్పు) పెట్టుకుంటే పల్లవికి జీ, ఈ మైనర్, సీ, డీ సరిపోతాయి. మన పిల్లలు మొదటి నెలలో నేర్చుకునే నాలుగు కార్డులే. కష్టం వేళ్లకు ఉండదు, మూడో చరణానికి ఉంటుంది. పదిమందిలో, పాడకుండా, నాటకం వేయకుండా, ఆ దీవెన మామూలుగా మాట్లాడటం చాలా కష్టం. మొదట్లో సిగ్గేసి నవ్వొస్తుంది. ఇంగ్లీషులో ఇబ్బందైతే ఆ చరణం తాత్పర్యం మీ మాటల్లో తెలుగులో చెప్పేయండి, కింద గిటారు నడుస్తూ ఉంటుంది కాబట్టి అతకదన్న భయం లేదు. ఒక పెరుగన్నం లాంటి సలహా ఇది, కానీ పనిచేస్తుంది.

రెండూ కాకుండా

డాలీ గొంతు మరీ సన్నగా, విట్నీది మరీ పెద్దగా అనిపిస్తే మధ్యలో లిండా రాన్‌స్టాట్ ఉంది. చక్కని గొంతు. కానీ ముందే చెప్పినట్టు దీవెన చరణం లేదు, నాకు ఆ లోటు పెద్దదే. డాలీ తనే 1982లో ఒక సినిమా కోసం మళ్లీ పాడింది, అదీ కంట్రీ జాబితాలో ఒకటో స్థానానికి వెళ్లింది. ఒకే పాటతో ఒకే మనిషి రెండుసార్లు. రికార్డింగ్ నున్నగా ఉంటుంది, మొదటిదాంట్లో ఉన్న తడి కొంత ఆరిపోయింది. 1995లో విన్స్ గిల్‌తో కలిసి యుగళగీతంగా పాడింది. ఇద్దరూ ఒకరికొకరు వెళ్తున్నానని చెప్పుకుంటే మరి ఉండేదెవరో నాకు అర్థం కాలేదు. వెతికేటప్పుడు జోలీన్ అనే ఆల్బంలో ఉన్నది ఎంచుకోండి, అదే 1974 నాటిది. ఆ జోలీన్ పాటనూ దీన్నీ ఒకే రోజు రాశానేమో అని డాలీ చాలాసార్లు అంది. అలాంటి రోజు ఒకటి మనకూ వస్తే బాగుణ్ణు.

డబ్బు సంగతి కూడా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే కవర్ వెర్షన్ (ఒకరి పాటను ఇంకొకరు పాడింది) అసలుదాన్ని మింగేసిందని బాధపడేవాళ్లున్నారు. బాడీగార్డ్ ఆల్బం ప్రపంచమంతా నాలుగు కోట్లకు పైగా అమ్ముడైంది. హక్కులు తన దగ్గరే ఉండటంతో డాలీకి రాయల్టీ వచ్చిపడింది. ఆ డబ్బులో కొంత పెట్టి నాష్‌విల్‌లో నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే పేటలో ఒక దుకాణాల సముదాయం కొన్నానని, విట్నీ గుర్తుగా ఆ చోటు ఎంచుకున్నానని ఆమె 2021లో చెప్పింది. అసలు పాట వింటే డాలీకి అన్యాయం జరిగిందని కోపం తెచ్చుకోకండి, ఆవిడకు లేదు ఆ కోపం.

మా మేనేజరు గారికి పోయిన నెలలో డాలీ పాట లింకు వాట్సాప్‌లో పంపాను. "సార్, ఆరోజు నేను పాడాలనుకుంది ఇది" అని రాశాను. రెండు రోజులు నీలం టిక్కులే. మూడో రోజు రాత్రి పదకొండింటికి జవాబొచ్చింది. "చివరిదాకా విన్నానమ్మా. ఆ కేక ఎప్పుడొస్తుందా అని చూస్తూనే ఉన్నాను. రాలేదేంటి?"